బొట్లు తుడిచిన ఆయమ్మ

వన్ టౌన్ మిషను బడిలో ఆయా పైడితల్లి. ఊడవడం, నీళ్ళు పట్టడం, గంట కొట్టడం, ఇంతవరకే ఆవిడ ఉద్యోగం. కానీ అసలు పని పొద్దున్న ఎనిమిదింటికే మొదలయ్యేది. కళాసీల వీధిలో గడపగడపకీ వెళ్ళి, దగ్గరుండి జడలు వేయించి, సాకులు చెప్పే తల్లుల నోళ్ళు మూయించి, పాతికమంది ఆడపిల్లల్ని వెంటేసుకుని బడికి చేర్చేది. ఒకప్పుడు బడి పెట్టిన మిషను దొరసానులు గొడుగులేసుకుని అలాగే ఇంటింటికీ తిరిగేవారు. పైడితల్లి చిన్నతనంలో వాళ్ళ గడపలోకీ వచ్చారు. ఆడపిల్లకి చదువేమిటని తల్లి తలుపు వేసేసింది. అలా ఆవిడకి అక్షరం ముక్క రాకుండా పోయింది. దొరసానులు ఓడెక్కి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళ తిరుగుడు మాత్రం ఆగకూడదని పైడితల్లి నెత్తికెత్తుకుంది. ఎవరూ చెయ్యమనలేదు, చేసినందుకు మెచ్చుకోనూలేదు. అలాంటి మనిషికి దండం పెట్టకుండా ఎలా ఉంటాం?

అయితే మంచివాళ్ళు తప్పు చేస్తే అదీ మామూలుగా ఉండదు. పంతొమ్మిదివందల డెబ్బై ఎనిమిదిలో పైడితల్లికి ఓ ఆలోచన వచ్చింది. మిషను బడి కదా, పిల్లలు బొట్లతో వస్తే హెడ్మిస్ట్రెస్ కనకరత్నం గారికి మనసులో కష్టంగా ఉంటుందేమో! ఆవిడ పెద్దమనిషి, నోరు తెరిచి అనలేరు, మనమే తెలుసుకోవాలి అనుకుంది. ఇంకేముంది, గేటు దగ్గర పిల్లల్ని వరసగా నిలబెట్టి, కొంగుతో బొట్లు తుడిచి మరీ లోపలికి పంపేది. సాయంత్రం మళ్ళీ పెట్టుకుని ఇళ్ళకి వెళ్ళమనేది. కనకరత్నం గారికి ఇదేమీ తెలియదు.

ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు వారం ఉన్నాయనగా, గౌరీశ్వరి అనే పిల్ల బొట్టు పెట్టుకోవడం మరిచిపోయి బోసి నుదుటితో ఇల్లు చేరింది. అదీ శుక్రవారంనాడు. నాయనమ్మ గుండెలు బాదుకుంది. రోజూ గేటు దగ్గర ఆయమ్మే తుడిచేస్తుందని పిల్ల చెబితే, టీచరమ్మ చెప్పబట్టే తుడిచిందనుకున్నారు అంతా. తండ్రి దాలయ్య పోర్టులో సరుకులు మోసే కళాసీ. వీధి వీధంతా వినబడేలా అరిచాడు.

"బళ్ళో పిల్లల్ని మతం మార్సేత్తన్నారు! మా పిల్ల ఇంక ఎల్లదు."

సోమవారం పైడితల్లి వెళ్ళేసరికి పాతిక తలుపులూ మూసే ఉన్నాయి.

ఆ వీధిలో ఏడో తరగతిదాకా వచ్చిన మొదటి ఆడపిల్ల గౌరీశ్వరి. ఈ పరీక్ష రాయకపోతే ఇంక ఆ పిల్ల బడి మొహం చూడదు. పైడితల్లికి అన్నం సహించలేదు. నోరు మెదపకపోతే నింద బడిమీదే ఉండిపోతుంది, తన ఉద్యోగం తనకుంటుంది. రెండు రోజులు నోరు మెదపలేదు కూడా. బుధవారం పొద్దున్న ఇక ఉండలేక కనకరత్నం గారి దగ్గరకెళ్ళి అంతా చెప్పేసింది.

ఆవిడ నిర్ఘాంతపోయారు. "నేనెప్పుడైనా అన్నానా పైడితల్లీ? వెళ్ళు. ఈ మాట వాళ్ళకి నువ్వే చెప్పాలి."

వీధి కుళాయి దగ్గర, బిందెల వరస ముందు నిలబడి చెప్పింది పైడితల్లి.

"బొట్లు నానే తుడిసినాను. టీచరమ్మకి తెలీదు. తప్పు నాది."

"ఇయ్యాల ఇలాగంటావు, రేపు మాట మారిత్తేనో?" అన్నాడు, ఆవిడని అక్క వరసతో అప్పా అని పిలిచే దాలయ్య. "కాగితం మీద రాసియ్యప్పా, పెద్దలకి సూపిత్తాను."

పైడితల్లి తల దించుకుంది. ఆవిడకి రాయడం రాదు, దాలయ్యకీ రాదు. అక్కడున్నవాళ్ళలో రాయగలిగింది గౌరీశ్వరి ఒక్కర్తే. ఆ పిల్లే నోటుపుస్తకం తెచ్చుకుని అరుగు మీద కూర్చుంది. పైడితల్లి చెప్పింది రాసి, పైకి చదివింది.

"బొట్లు నేనే తుడిచాను. టీచరమ్మ చెప్పలేదు. తప్పు నాది. ఏడేళ్ళుగా ఈ వీధి ఆడపిల్లల్ని చెయ్యి పట్టుకుని బడికి తీసుకువెళ్ళింది కూడా నేనే."

"ఆ ఆకరి మాట నాను సెప్పనేదే!" అంది పైడితల్లి.

"నిజమే కదా, ఆయమ్మా."

వేలికి సిరా రాసుకుని ముద్ర వేస్తుంటే పైడితల్లికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఇంకోపాలి సదువు," అన్నాడు దాలయ్య కూతురితో. అనుమానం ఉండి కాదు. కూతురు చదవగా వినడం అతనికి అదే మొదటిసారి. గౌరీశ్వరి మళ్ళీ చదివింది. కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ పట్టించుకోలేదు.

"పరీచ్చ ఎప్పుడప్పా?" అన్నాడు దాలయ్య. గొంతు బాగా తగ్గింది.

"ఎల్లుండే తమ్ముడూ."

"మరింకా ఇక్కడే నిలబడ్డావేటి?" అని కసిరాడు దాలయ్య. "పిల్లని పట్టుకెల్లు!"