విగ్గుల దుకాణం గుట్టు

ఆ వీధిలో అందరూ ఆమెను సవరాలత్తయ్య అంటారు. నాటకాల వాళ్లకు జడలు కట్టే మేనత్త దగ్గర చిన్నప్పుడే పని నేర్చుకుంది. బట్టల దుకాణం పైన రెండు గదులు తీసుకుని, సన్నటి వలగుడ్డ మీద వెంట్రుక వెంట్రుకా ముడేస్తూ విగ్గులు తయారుచేస్తుంది. బయట బోర్డు లేదు. విగ్గు కోసం వచ్చేవాళ్లు ఎవరి కంటా పడకూడదనుకుంటారు. అందుకే ఒకరు దిగి వెళ్లాకే ఇంకొకరిని మెట్లెక్కనిస్తుంది.

కోడలు వచ్చాక దుకాణంలోకి కంప్యూటరు వచ్చింది. తల కొలతలు, ఫోన్ నంబర్లు, విగ్గుకు ముందు తీసిన ఫొటో, తరవాత తీసిన ఫొటో, జుట్టు ఎందుకు ఊడిందో ఆ కారణం, అన్నీ అందులో ఎక్కించింది. ఒకనాడు జుట్టు సరఫరా చేసే కంపెనీ పేరుతో మెయిల్ వచ్చింది. కొత్త రంగుల నమూనాలట. కోడలు తెరిచి చూస్తే రంగూ లేదు, రూపూ లేదు. ఏదో పొరపాటనుకుని మూసేసింది.

ఆ వారంలోనే దుకాణానికి పాత ఖాతాదారుడైన లాయరుగారు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. తల మీద విగ్గు పక్కకు జరిగిపోయింది.

"అత్తయ్యా! నా గుండు ఎవడి చేతిలోనో పడింది!"

ఫోన్ చూపించాడు. ఈ గదిలోనే, ఈ అద్దం ముందే తీసిన ఫొటో. డబ్బు పంపకపోతే కోర్టులో అందరికీ చూపిస్తామని కింద రాసి ఉంది.  ఆ మెయిల్ తెరిచినప్పుడే దొంగ కంప్యూటర్లోకి దూరి ఉంటాడని కోడలు ఏడుస్తూ చెప్పింది.

అత్తయ్య కొడుకు అడ్డొచ్చాడు. "ఎవరికీ చెప్పకమ్మా. అడిగితే మనకేం తెలీదందాం. ఊళ్లో కరెంటు పోతోంది కదా, అప్పుడే ఎక్కడో పోయిందందాం."

"బోడిగుండుకీ మోకాలికీ ముడేస్తావేంటయ్యా!" అనేసి, లాయరుగారు తన తలను తనే తడుముకున్నాడు. అత్తయ్యకే ముందు నవ్వాగలేదు. చివరికి ఆయనా నవ్వేశాడు.

నవ్వు తగ్గాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పోయింది మీ దగ్గర్నుంచి. ఏం పోయిందో, ఏం జాగ్రత్త పడాలో ఒక్కొక్కరికీ చెప్పాలి. అధికారులకీ రాయాలి. చట్టం అదే చెబుతోంది. పోగొట్టుకోవడం ఒక తప్పయితే, దాచడం దాన్ని మించిన తప్పు. అవునూ, జుట్టు ఊడిన కారణం ఎందుకు రాసుకున్నారు?"

"మందుల వల్ల ఊడితే చర్మం సున్నితంగా ఉంటుంది. అడుగున మెత్తటి గుడ్డ వెయ్యాలి కదండీ."

"అయితే 'మెత్తటి గుడ్డ' అని రాస్తే సరిపోయేది. జబ్బు పేరెందుకు?"

అత్తయ్య కంప్యూటరు తెర వైపు తిరిగింది.

"మరి ఈ ఫొటోలు?"

"ఎప్పటికైనా పనికొస్తాయేమోనని..." అంది కోడలు.

"పనికొచ్చాయమ్మా, దొంగకి."

మర్నాడు పొద్దున్నే అత్తయ్య ఫోన్ ముందేసుకుని కూర్చుంది. తప్పు తనది కాబట్టి తనే చేస్తానంది కోడలు. "వాళ్ల తల కొలిచింది నా చేతులే. చెప్పాల్సిందీ నేనే," అంది అత్తయ్య.

కొందరు తిట్టి ఫోన్ పెట్టేశారు. "కొప్పున్నదానివి, మా బాధ నీకేం తెలుస్తుంది?" అంది ఒకావిడ. ఆ మాట అత్తయ్యకు ముల్లులా గుచ్చుకుంది. నీళ్లు తాగి ఇంకో నంబరు కలిపింది.

ఈసారి ఎత్తింది సంగీతం టీచరు. పెద్ద జబ్బు చేసి కోలుకున్న మనిషి. బడిలో ఎవరికీ తెలియదు. ఆవిడకూ బెదిరింపు వచ్చింది, గది తలుపు వేసుకుని కూర్చుంది. అత్తయ్య చెప్పిందంతా విని, "నేనొక్కదాన్నే అనుకున్నానత్తయ్యా. చాలామందిమి ఉన్నామన్నమాట," అంది.

"ఉన్నారమ్మా. వాడికి పైసా ఇవ్వకు. ఫిర్యాదు రాయించడానికి లాయరుగారు సాయం చేస్తానన్నారు."

కొన్నాళ్లకు టీచరే దుకాణానికి వచ్చింది. ఎవడో చెప్పేలోపు తనే చెప్పడం మేలనుకుని, క్లాసులో పిల్లలకు జబ్బు సంగతీ విగ్గు సంగతీ చెప్పేసిందట.

"పిల్లలేమన్నారు?" అంది అత్తయ్య.

"విగ్గు తీసేస్తే ఎండాకాలం హాయిగా ఉంటుందా టీచర్ అని అడిగారు!"

అధికారులు వచ్చి అన్నీ పరిశీలించారు. వెంటనే చెప్పినందుకు హెచ్చరికతో సరిపెట్టి, జాగ్రత్తలు పెంచమన్నారు. దొంగ దొరకలేదు. కొందరు ఖాతాదారులు మళ్లీ ఆ మెట్లెక్కలేదు. వాళ్లను తలుచుకున్నప్పుడు అత్తయ్య మనసు ఇప్పటికీ చివుక్కుమంటుంది. ఫొటోలు, జబ్బుల పేర్లు చెరిపేశారు. కంపెనీ నుంచి ఏ మెయిల్ వచ్చినా కోడలు ముందు ఫోన్ చేసి అడుగుతుంది. "మీ కోడలు పోలీసైపోయిందండీ," అని కంపెనీవాళ్లు వేళాకోళం చేస్తారు.

ఈమధ్య కోడలు ముడులు వేయడం కూడా నేర్చుకుంది. మొదటి విగ్గు పూర్తిచేసి, ఒక పెద్దాయన తలకు తనే సర్ది, ఎలా ఉందో ఆయన ముఖంలో చూడాలని పక్కనే నిలబడింది. అత్తయ్య మెల్లగా చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి లాక్కెళ్లింది.

"ఉండవే. అద్దంలో ఆయన్ని ఆయన చూసుకోనీ."

ఇద్దరూ లోపల నిలబడి చెవులు రిక్కించారు. కాసేపటికి బయటినుంచి సన్నగా ఈల వినబడింది.