ఎనిమిదీ పది టెస్టు

ఉదయం ఆరున్నరకు పుంగనూరులో మా ఇంట్లో పాసయ్యే టెస్టు, పదకొండు గంటలకు మదనపల్లె ఆఫీసులో ఫెయిలయ్యేది. అదే ల్యాప్‌టాప్, అదే కోడ్, రాసిందీ నేనే. మధ్యలో జరిగిందల్లా గంట బస్సు ప్రయాణం. రెండు వారాలు ఇదే వరస. 

మాది ఐదుగురు పనిచేసే చిన్న ఆఫీసు. పాల సేకరణ కేంద్రాలకు వెబ్ అప్లికేషన్ తయారుచేస్తాం. రైతు నంబరు కొట్టి, ఎన్ని లీటర్లో, వెన్న ఎంతో నింపి సేవ్ నొక్కితే చీటీ వస్తుంది. మనిషి చేసే ఈ పనంతా బ్రౌజర్ తనంతట తానే చేసి, సరిగ్గా జరిగిందో లేదో చెప్పేలా టెస్టులు రాయడం నా పని. మూడు నెలలు చూసి, ఉంచుకునేదీ లేనిదీ ఆ తర్వాత చెబుతామన్నారు. నాకంటే ముందు ఆ కుర్చీలో ఉన్నతన్ని రెండో నెలలోనే పంపేశారని చేరిన రోజే తెలిసింది. మా అమ్మ పాతికేళ్లు శనక్కాయ చేలల్లో కూలికి పోయి, ఇప్పుడు రెండు ఆవులను పెట్టుకుంది. మా ఇంట్లో నెల జీతానికి కుర్చీలో కూర్చున్న మొదటి మనిషిని నేను. అది పోతే ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్లాలన్న భయం రోజంతా నాతోనే ఉండేది.

మొదటి నెల తప్పులన్నీ నావే. పేజీ పూర్తిగా తెరుచుకోకముందే బటన్ నొక్కమనేదాన్ని, బటన్ లేదని టెస్టు పడిపోయేది. ఎందుకైనా మంచిదని ప్రతిచోటా పది సెకన్లు ఆగమని రాస్తే, అన్నీ నడవడానికి ముప్పావు గంట పట్టింది. మా సీనియర్ సార్ వచ్చి, ఈలోపల పెరుగు తోడుకుంటుందేమో చూడమన్నారు. ఇంకోసారి విడివిడిగా పాసైనవి కలిపి నడిపితే పడిపోయాయి. ఒక టెస్టు చేర్చిన రైతు నంబరునే ఇంకోటి మళ్లీ చేర్చబోతోందని కనిపెట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. ప్రతిసారీ అప్లికేషన్‌లోనే ఏదో ఉందని నేను లేచి వెళ్లడం, ఆయన వచ్చి చూసి "నీ టెస్టులోనే ఉండాదమ్మా" అని వెళ్లిపోవడం. పక్క సీట్ల వాళ్లు నవ్వు ఆపుకునేవాళ్లు. అలా పదిసార్లు అయ్యాక నేను లేవడం మానేశాను.

ఈ పొద్దున పాస్, పగలు ఫెయిల్ వ్యవహారమైతే నా తల తినేసింది. తెర మీద ఒకటే మాట, సేవ్ బటన్ కనపడలేదని. బటన్ పేరు సరిచూశాను. ఆగే సమయం పెంచాను. ఆఫీసు నెట్ మీద అనుమానపడి ఫోన్ నెట్ పెట్టాను. చివరికి నా సీటు మీదే అనుమానం వచ్చి కిటికీ పక్కకు మారాను. ఇంత చదువు చదివి ఇదేం పని అని మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

ఒక ఆదివారం ఇంట్లోనే పది గంటలకు నడిపి చూశాను. ఎర్ర గీత వచ్చింది. ఇంట్లో ఫెయిలవడం అదే మొదటిసారి.  పేడ తీస్తున్న అమ్మ నా మొహం చూసి ఏమైందని అడిగింది. కంప్యూటర్‌లో పాలు పోయబోతే తీసుకోవడం లేదని, ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను. అమ్మ గోడ గడియారం వైపు చూసింది.

"పది అయిండాది. ఈ టయానికి పాలు ఎవురు పోపిచ్చుకుంటారు పాపా? ఎనిమిదికే మూసేస్తారు గదా."

పాల వేళ దాటితే సేవ్ బటన్ కనపడకుండా దాచేది మా అప్లికేషనే. సాయంత్రం ఐదు దాటాక మళ్లీ చూపిస్తుంది, అప్పటికి నేను బస్సులో ఉంటాను. రోజూ అమ్మ పాలక్యాను చప్పుడుకే నిద్ర లేచేదాన్ని, నాకు ఈ ముక్క తట్టలేదు. నామీద నాకే ఒళ్లు మండింది. ఎప్పుడు నడిపినా ఉదయం ఏడే అనుకునేలా టెస్టులో గడియారాన్ని నిలిపేశాను. ఆ తర్వాత ఎప్పుడు నడిపినా పాసే.

అప్పటికి కుప్పంలోని ఒక కేంద్రంలో అప్లికేషన్ పెట్టాల్సిన రోజు దగ్గరపడింది. చలికాలంలో ఎనిమిదిన్నర దాకా పాలు పోయించుకుంటామని, అలా మార్చమని వాళ్లు ముందే అడిగారు. సార్ మార్చామన్నారు. దానికోసం ఎనిమిదీ పదికి పాలు పోసే టెస్టు ఒకటి రాశాను. ఎర్రగా వచ్చింది.

కుర్చీలోంచి సగం లేచాను. సార్ ఫోన్‌లో మాట్లాడుతున్నారు. మూడు నెలలు నిండడానికి ఇంకా పది రోజులే ఉన్నాయి. గడియారం నేనే తప్పు పెట్టి ఉంటాను, ఎప్పుడు నాది తప్పు కాదు గనక, అనుకుని కూర్చున్నాను. ఆ టెస్టును వదిలేసి మిగతావి నడపమని ఒక్క మాట చేర్చాను. అన్నీ పచ్చగా వచ్చాయి. సార్ చూసి, చేరిన దగ్గర్నుంచి మొదటిసారి బాగుందన్నారు. మొదటి రోజు దగ్గరుండి చూసుకోమని నన్నే కుప్పం పంపారు.

ముందురోజే వెళ్లి అక్కడున్న మా చిన్నమ్మ ఇంట్లో పడుకుని, ఉదయం ఆరుకే కేంద్రానికి చేరాను. మంచు దట్టంగా ఉంది. ఎనిమిది దాకా ఒక్క చీటీ తప్పు పోలేదు. ఎనిమిది దాటిన కాసేపటికి, తలకు శాలువా చుట్టుకున్న ఒక అవ్వ క్యాను మోసుకుంటూ వచ్చింది. కేంద్రం అతను ఆమె నంబరు కొట్టాడు. సేవ్ బటన్ లేదు. అతను నావైపు చూశాడు. ఎనిమిదిన్నరకు పాలు తీసుకెళ్లే బండివాడు చీటీ లేనివి ఎక్కించుకోడు.

బయటికొచ్చి సార్‌కు ఫోన్ చేశాను. ఆయన కాసేపు వెతికి, పాత వేళే ఉండిపోయిందని, తనదే పొరపాటని అన్నారు. దీనికి నేను టెస్టు రాయలేదా అని అడిగారు. రాయలేదని చెబితే అయిపోయేది. నాలుక దాకా వచ్చింది కూడా.

"రాసినాను సార్. ఎర్రగా వచ్చింది. నాదే తప్పనుకుని పక్కన పెట్టేసినాను."

"నాకు యాల చెప్పలా?"

"చెప్తే నా టెస్టులోనే ఉండాదంటారని సార్."

 ఆయన సరిచేసి పంపుతానని, ఆ టెస్టును మళ్లీ తెరవమని చెప్పి ఫోన్ పెట్టేశారు. మెట్ల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. వదిలేయమన్న ఆ ఒక్క మాట తీసెయ్యడానికి రెండుసార్లు తప్పు కొట్టాను. ఇరవై నిమిషాలకు ఎనిమిదీ పది టెస్టు పచ్చగా వచ్చింది.

అవ్వ నా పక్కనే నిలబడి తెర చూస్తోంది.

"ఇప్పుడు ఎత్తుకుంటాదా పాపా?"

"ఎత్తుకుంటాది అవ్వా."

ఆమె రోడ్డు వైపు చూసింది.

"బండి పాయె గదా."

 ఆమె క్యాను ఎత్తుకుని, పాలు ఒలకకుండా మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయింది.