గేరు కేబులుకు దారి వెతికిన రోజులు

వరికోత మిషను వెనక్కి వస్తూ నా గేరు సైకిలు మీదికెక్కింది. ఫ్రేము మధ్యకు విరిగింది కానీ, చక్రాలకూ గేర్లకూ ఏమీ కాలేదు. మాది దేశనూరు పక్క ఊరు. రోజూ పొద్దున కాలువ గట్టు మీద సైకిలు తొక్కకపోతే నాకు ఆ రోజు మొదలైనట్టే ఉండదు. వారం తిరిగేసరికి ఇంట్లో అందరి మీదా విసుక్కోవడం మొదలుపెట్టాను.

దోణిమలైలో ఒక ఇంజనీరు బదిలీ మీద వెళ్తూ తన సైకిలు ఫ్రేము ఇచ్చేస్తున్నాడని తెలిసి, వెళ్లి తెచ్చుకున్నాను. నల్లటి కార్బన్ ఫ్రేము, రెండు వేళ్లతో ఎత్తొచ్చు. పాత గేర్లు దీనికి బిగిస్తే సరిపోతుందనుకున్నాను. సిరుగుప్పలో మాకు తెలిసిన మెకానిక్ సాబు దాన్ని అటూ ఇటూ తిప్పి, లోపలికి ఊది చూశాడు.

"ఇది కరెంటు గేర్లకు చేసిన ఫ్రేము సార్. సన్న వైరు పట్టేంత బొక్కే ఉండాది. మీది కేబులు లాగే గేరు, దాని మీద ఔటరు ఉంటాది. ముందర దూరుతుంది, వెనకాల బయటికి రాదు."

ఔటరు అంటే కేబులును కప్పే నల్లటి పైపు.

"బొక్క పెద్దది చెయ్యి" అన్నాను.

"పగిలితే నాకు సంబంధం లేదు. యాడ చేయాల్నో మీరే గుర్తు పెట్టి తీసుకరాండి."

ఈ సంగతి ఇంట్లో చెప్పడమే నేను చేసిన పొరపాటు. నా భార్య తమ్ముడికి బోరు లారీ ఉంది. బొక్క కొట్టే పని తనను అడక్కుండా వేరేవాళ్లకు చెప్పానని నొచ్చుకున్నాడు. మరునాడు పొద్దున్నే, బోర్లకు పాయింట్లు చూసే పెద్దాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"దీంట్లో నీళ్లు యాడుంటాయి రా?" అన్నాను.

"నీళ్లు లేకుంటే ఏం బావా, దారి ఉండాల కదా. నువ్వు సుమ్మనే ఉండు."

ఫ్రేమును వాకిట్లో తూర్పు ముఖంగా పడుకోబెట్టారు. పెద్దాయన చెప్పులు విడిచి, అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పెట్టుకుని చుట్టూ నడవసాగాడు. ఇరుగుపొరుగు వచ్చి గోడవారన నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. వెనక చక్రం బిగించే చోటికి రాగానే కొబ్బరికాయ నిటారుగా లేచి నిలబడింది. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు, అయినా దగ్గరికెళ్లి వంగి చూశాను.

"ఈడే. రాయి తగలదు" అన్నాడు పెద్దాయన.

సరిగ్గా అక్కడే పాత వైరు బొక్క ఉంది. కళ్లున్న ఎవరికైనా కనిపిస్తుంది. బావమరిది దాని మీద కుంకుమ బొట్టు పెట్టాడు.

"తెలిసినోళ్లు చూస్తే ఇట్లుంటాది" అంది నా భార్య నా వైపు తిరిగి.

ఫ్రేమును మళ్లీ సిరుగుప్పకు తీసుకెళ్లాం. బొట్టు చూశాక సాబు నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతూ, సన్నటి ఆకురాయితో బొక్కను అరగదీయసాగాడు. బావమరిది పక్కనే నిలబడ్డాడు.

"ఎంత లోతు పోయినావప్పా?"

"లోతు యాడిది? ఫ్రేము గోడే బియ్యపు గింజంత మందం!"

మధ్యాహ్నానికి ఔటరు కొస బయటికి తొంగిచూసింది. "పడింది!" అని బావమరిది అరిచిన అరుపుకు పక్క హోటల్లోవాళ్లు బయటికొచ్చారు.

సైకిలు బిగించినా కష్టం తీరలేదు. హ్యాండిలు ఎడమకు తిప్పితే గేరు దానంతటదే మారిపోయేది. రెండు రోజులు కుడి మలుపులున్న దారుల్లోనే తిరిగాను. ఎడమకు పోక తప్పని చోట దిగి, సైకిలును ఎత్తి ఆ వైపు నిలబెట్టుకుని మళ్లీ ఎక్కేవాణ్ణి. ఎదురైన రైతులు ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు. చివరికి సాబు, ఔటరు పొట్టిగా ఉండి లాగుతోందని గుర్తించి పొడుగుది వేశాడు.

అంతా సరిగా పనిచేసిన పొద్దున నాకు ఒక విషయం తట్టింది. కాలువ గట్టు పలకలాగా చదునుగా ఉంటుంది. అక్కడ గేరు మార్చే పనే లేదు. పాత సైకిలు మీదా ఎప్పుడూ మార్చిన గుర్తు లేదు.

ఆ ఆదివారం సైకిలును జీపులో వేసుకుని తారానగర్ వైపు కొండ దారికి వెళ్లాను. మొదటి ఎత్తుకే మోకాళ్లు పట్టేశాయి. మీట నొక్కాను. టక్కుమని గేరు దిగింది, కాళ్లు తేలికయ్యాయి. ఎర్రదుమ్ములో పళ్లు బయటపెట్టి నవ్వుతూ, నడిచేవాళ్లకన్నా నిదానంగా, పైదాకా ఎక్కాను.