ఐదో లింకులో చేప

ఇది మహా ఇతిహాసం. ద్రోహం ఉంది, సముద్రం ఉంది. అబ్బే, అంత లేదు. ఫోన్‌లో యాప్ మా సర్వర్‌ని ఎలా అడగాలన్న గొడవ. కానీ మూడేళ్లుగా గొంతులో ముల్లులా ఉంది. మీకు చెప్పేస్తే ఊడుతుందేమో.

అప్పట్లో శ్రీకాకుళంలో మాది ముగ్గురి ఆఫీసు: ఓనరు, గౌరక్క, నేను. ఏ పడవ ఏ చేపలతో ఒడ్డుకొచ్చిందో చేపలమ్మే ఆడవాళ్లకి ఫోన్‌లో చూపించే యాప్ చేస్తున్నాం. సర్వర్ నాది, ఫోన్ వైపు పని గౌరక్కది. పాతపట్నం నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఆ జీతం మీదే వాళ్ల ఇల్లు నడిచేది.

యాప్ ఒక్కసారి అడిగితే సర్వర్ పడవ, చేప, ధర అన్నీ ఒకేసారి ఇచ్చేయాలని కాగితం మీద రాసుకొచ్చింది. నాకది మరీ సాదాగా అనిపించింది. అప్పటికి ఏదో వీడియో సగం చూసి ఉన్నాను. సర్వర్ కట్టే పద్ధతుల్లో రెస్ట్ అని ఒకటుంది, స్వచ్ఛమైన రెస్ట్ నిర్మాణమే కావాలన్నాను. అంటే, నా బుర్రకి ఎక్కినంతలో, సర్వర్ ఏదీ తిన్నగా చెప్పదు. ఒక లింకు ఇస్తుంది, అది తెరిస్తే ఇంకో లింకు. ఐదోదాంట్లో చేప.

“ఒరే, ఒడ్డున సిగ్నలే ఉండదు. ఐదుసార్లు అడిగేసరికి సేప కుళ్లిపోతాది. అయినా ఆ స్వచ్ఛం అంటే ఏటో సెప్పు, నా కాగితం సింపేస్తాను.”

“సెప్తే అర్థమయ్యేది కాదక్కా.”

నాకు అర్థమైతే కదా.

నా పద్ధతిలోనే కట్టాం. ఒడ్డున యాప్ తెరుచుకోలేదు. తెల్లటి తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది. ఆడవాళ్లు విసుగొచ్చి ఎప్పటిలాగే పడవల దగ్గరికి నడిచారు. ఓనరు నన్నొక్కడినే పిలిచి తప్పెవరిదన్నాడు. ఫోన్ వైపే అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. తలుచుకుంటే నా నోరు నాకే రోత. నెలాఖరుకి ఆవిడని మానిపించేశాడు. వెళ్తూ ఆ కాగితం నా బల్ల మీద పెట్టింది. వారం తిరక్కుండా అందులో ఉన్నది ఉన్నట్టు సర్వర్ కోడ్‌గా రాసేశాను. యాప్ తెరుచుకుంది. ఓనరు భుజం తట్టాడు. తట్టించుకున్నాను కూడా.

తెలియక చేశానని సర్దిచెప్పుకోనా? ఆ నిర్మాణం నాకు తెలియదు, నిజమే. తప్పెవరిదో మాత్రం అడిగిన క్షణానే తెలుసు, తెలిసే ఆ పెద్ద మాట వెనక నక్కాను. ఆవిడ నంబరు ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. మీకు చెప్పడమే తేలిక, మీరు ఎదురుగా నిలబడి ఒరే అనరు. చెప్పాక కొంచెం ఊపిరాడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది.

ఆవిడ కాగితం నుంచి దింపిన ఆ కోడ్ పైన నా పేరుంది కాబట్టి, అది ఎక్కడ చెడినా ఫోన్ నాకే రావాలి. ఇంతవరకు ఒక్కటీ రాలేదు.