ఫైనల్ ఎగ్జిట్ అడిగినవాడు

సౌదీలోని యాన్బులో మా కంపెనీ క్యాంపులో నా ఎదురు మంచం ఒక ఫిలిప్పీన్స్ మనిషిది. రిఫైనరీలో ఫైబర్ పైపులకు రెసిన్ అనే జిగురు పూసి అతికే పని అతనిది. నాది టైమ్‌కీపర్ ఉద్యోగం. హాజర్లు, సెలవు ఫారాలు, వీసా కాగితాలు అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. ఆ చెయ్యి చేసిన ఘనకార్యం గురించే ఇప్పుడు రాస్తున్నాను.

అతని ఊరు ఒక చిన్న దీవిలో ఉంది. ఊరి ముందు లేచే అల మీద నిలబడి జారడానికి విదేశీయులు పలకలు మోసుకుని వస్తారట. పక్క దీవిలో అలాంటి ఒడ్డునంతా హోటల్ వాళ్లు కొనేశారు. అక్కడి జాలర్లు ఇప్పుడు సముద్రంలోకి దిగాలంటే గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడగాలి. తన ఊరికి ఆ గతి పట్టకూడదని ఇతని పట్టుదల. ఊరివాళ్లే సొంతదారులుగా ఒక సర్ఫింగ్ క్యాంపు పెట్టాలి. వచ్చినవాళ్లు వెదురు గుడిసెల్లో ఉంటారు, వంట రోజుకొక ఇంటిది, పడవలు జాలర్లవి. పలకలు తనే చేస్తాడు, వాటికీ రెసినే పూస్తారు, ఆ పని చేతిలో ఉంది కదా. ఊరి పిల్లలకు పలక ఉచితం, కానీ బడి ఎగ్గొట్టినవాడికి ఇవ్వరు. ఈ చివరి నియమం చెప్పేటప్పుడు మాత్రం వేలు చూపించి మరీ బెదిరించేవాడు, బడి ఎగ్గొట్టింది నేనే అన్నట్టు.

నేను కడప జిల్లావాణ్ణి. చెరువులో కూడా మోకాలు దాటి దిగిన పాపాన పోలేదు. అయినా సెలవు రోజున గదిలో ప్లైవుడ్ ముక్క పరిచి, నన్ను బోర్లా పడుకోబెట్టి, ఒక్క ఊపులో లేచి నిలబడడం నేర్పేవాడు.

"నీకంటే ముందు నీ పొట్ట లేస్తోంది, సదీక్," అని నవ్వేవాడు. సదీక్ అంటే అరబ్బీలో స్నేహితుడు. ఇక్కడ అందరం ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం. మా ఇద్దరి మాటలు సగం ఇంగ్లీషు, సగం హిందీ, మిగిలింది చేతులు.

కిందటేడు ఒక హోటల్ యజమాని ఒడ్డు కొంటానని ఆ ఊరికీ వచ్చాడు. ఒడ్డు అన్ని కుటుంబాలకూ ఉమ్మడిది. పెద్దలు ఇతనికి ఫోన్ చేసి ఒకే మాట చెప్పారు. ఊరి పండగ దాకా ఆగుతాం, ఆ రోజు నువ్వొచ్చి మా ముందు నిలబడి బాధ్యత తీసుకో, ఒడ్డు నీ క్యాంపుకే ఇస్తాం, రాకపోతే అమ్మేస్తాం. పరాయి దేశాల నుంచి ఫోన్లో వచ్చే హామీలు వాళ్లు చాలా విన్నారు. వాళ్లను తప్పుపట్టలేను.

మర్నాడే రాజీనామా ఉత్తరం తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. "ఫైనల్ ఎగ్జిట్ పెట్టించు," అన్నాడు.

అంటే వీసా రద్దు చేసుకుని మళ్లీ రాకుండా వెళ్లిపోవడం. మనవాళ్లకు ఆ మాట వింటేనే గుండె జారుతుంది. ఇల్లు కట్టినా, పిల్లల పెళ్లిళ్లు చేసినా, మోకాళ్లు అరిగినా, తిరిగొచ్చే రీ-ఎంట్రీయే పెట్టిస్తాం. ఆ మధ్యాహ్నం మెస్‌లో మా జిల్లా డ్రైవర్ మామకు సంగతి చెప్పాను.

"ఉన్న వీసా ఎవురన్నా చేతులారా పోగొట్టుకుంటారా?" అన్నాడు మామ. "రేపు ఆ క్యాంపు నడవకుంటే యాడికి పోతాడు? మామూలు సెలవు పెట్టి పొమ్మను. ఆడనే బాగుంటే రాకుంటే సరిపాయ. నువ్వన్నా చెప్పల్లగదా వానికి."

చెప్పాను. ఒకరోజు కాదు, వారం రోజులు వెంటబడి చెప్పాను. చివరికి అతను ఉత్తరం వెనక్కి తీసుకున్నాడు. "కాగితాల సంగతి నీకే తెలుసు, సదీక్," అని సెలవు ఫారం మీద సంతకం పెట్టాడు. అతన్నేదో గండం నుంచి తప్పించినట్టు నేను సంబరపడ్డాను.

ప్రయాణానికి వారం ముందు ప్లాంటులో ఒక యూనిట్ షట్‌డౌన్‌ను ముందుకు జరిపారు. షట్‌డౌన్ అంటే యూనిట్ ఆపి మరమ్మతులు చేయడం, ఆ రోజుల్లో అందరూ కావాలి. సెలవులన్నీ రద్దు. ఫైనల్ ఎగ్జిట్ పడినవాళ్లు మాత్రం పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయారు, వాళ్లు అప్పటికే కంపెనీ లెక్కలో లేరు. రద్దయినవాళ్ల జాబితా టైపు చేసింది నేనే. అతని పేరు నాలుగోది.

మేనేజర్‌ని బతిమాలాను. "సెలవు అడిగినవాడు మనవాడేగా, వచ్చే నెల పంపిద్దాం," అన్నాడు. పండగ ఆ లోపే ఉంది. అతను అదే రోజు మళ్లీ రాజీనామా ఇచ్చాడు. నోటీసు గడువు చూస్తే అదీ పండగ దాటాకే ముగుస్తుంది.

పండగ రోజు భోజన విరామంలో పైపుల నీడన కూర్చుని వీడియో కాల్ చేశాడు. ముఖం మీద మాస్కు అచ్చులు, నెత్తిన హెల్మెట్. చాలాసేపు మాట్లాడాడు. నాకు వాళ్ల భాష రాదు. తెరలో ఒక ముసలావిడ, అతని మేనత్త, ముఖం పక్కకు తిప్పుకోవడం మాత్రం చూశాను. సాయంత్రానికి ఒడ్డు హోటల్‌ది అయిపోయింది. మర్నాడు అతనే ఆఫీసుకొచ్చి రాజీనామా వెనక్కి తీసుకున్నాడు.

తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తిండి సయించేదేమో. గదిలో ప్లైవుడ్ ముక్క చాలాకాలం గోడకి ఆనించే ఉంది. తర్వాత ఎవరో దాన్ని కూలర్ కింద ఎత్తు కోసం పెట్టుకున్నారు.

మొన్న మళ్లీ సెలవు ఫారంతో వచ్చాడు. తలెత్తి చూడటానికి నాకు సిగ్గేసింది.

"ఫైనల్ ఎగ్జిట్ పెట్టనా? ఈసారి ఎవరు ఆపినా ఆగను," అన్నాను.

"ఎందుకు సదీక్?" అన్నాడు. "రీ-ఎంట్రీయే పెట్టు. అక్కడ నీళ్లలో దిగాలన్నా ఇప్పుడు వాచ్‌మన్‌ని అడగాలి."

నేను రీ-ఎంట్రీ గడిలో టిక్కు పెట్టాను.