సారు జేబులో నా పెన్ను

నిజామాబాద్‌లో మాకు ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పిన సారుకు మా పెన్నులు లాక్కుని జేబులో పెట్టుకునే అలవాటు ఉండేది. దొంగతనం కాదట, పాఠమట. ప్రోగ్రాం పంపిన డేటాను ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ముందు తన బఫర్‌లో, అంటే తాత్కాలికంగా దాచుకునే చోట పెట్టుకుని, తర్వాతే ప్రోటోకాల్ పద్ధతిలో నెట్‌వర్క్ మీదికి తోలుతుందని చూపించడానికట. తన పెన్ను మాత్రం ఎన్నడూ బయటికి తీయలేదు.

చివరి వైవాలో నా పెన్ను ఆయన జేబులోకి పోయింది. ఆ పరీక్ష తప్పితే చేతికొచ్చిన ఉద్యోగం కూడా పోతుంది.

"నీ పెన్నే డేటా, నేనే కెర్నల్. కెర్నల్ తీసుకున్నది, ప్రోగ్రాంకు సెండ్ సక్సెస్ అన్నది. మరి డేటా అవతలికి చేరిందా?" అని అడిగాడు సారు.

"చేరింది సార్."

"మీది చక్కెర ఫ్యాక్టరీ ఉన్న బోధన్ కాదుర? చెరుకు ట్రాక్టర్ ఎక్కంగనే చక్కెర అయితదా? గది ఇంక నా జేబులనే ఉన్నది, సూడు!"

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"అయితే అవతలి నుంచి జవాబొచ్చేదాక చేరిందని నమ్మొద్దు. ఇగ నా పెన్ను ఇయ్యిండ్రి సార్."

"గిదే కావాలె నాకు" అంటూ నా పెన్నుతోనే పాస్ మార్కులు వేసి, దాన్ని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఫెయిల్ చేసి ఉంటే ప్రిన్సిపాల్ దాకా ఫిర్యాదు తీసుకుపోయేవాణ్ణి. పాస్ చేసి ఆ సుఖం కూడా లేకుండా చేశాడు.