గీతకు అవతల మామ

బుధవారం పొద్దున నేను కారు తుడుస్తుంటే, మా అరబ్బుల ఇంట్లో పనిచేసే శ్రీలంక ఆయా వంటింటి గుమ్మంలో నిలబడి, "డ్రైవర్, కుక్ మాఫీ" అంది. మాఫీ అంటే లేదు. ఈ దేశంలో అన్నిటికీ అదే మాట. ఉప్పు మాఫీ, పెట్రోలు మాఫీ, సెలవు మాఫీ. ఇప్పుడు మా వంట మామ మాఫీ. పరిగెత్తి చూస్తే, రొట్టెల పిండి కలిపి, తడిబట్ట కప్పి, చేతులు కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చునే పోయాడు. గుండె అన్నారు. పోయే ముందు కూడా వాళ్ళ రొట్టెలకు లోటు రానివ్వలేదు మహానుభావుడు. నాకు మొదట కోపం వచ్చింది అందుకే. ఆ కోపం ఇంకా దిగలేదు. మన దోహా తెలుగు సంఘం వాళ్ళు సంచికకు నాలుగు మంచి మాటలు రాయమన్నారు. రాస్తున్నాను. మంచివో కావో మీరే చూసుకోండి.

మామ నాకు సొంత మేనమామ కాదు. ఇద్దరిదీ కడప జిల్లా. దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో ఒకే ఇంట్లో ఆయన వంట, నేను డ్రైవరు. ఆయన భార్య, నేను అత్తా అని పిలిచే మనిషి, బహ్రెయిన్‌లో మనామా అనే ఊళ్ళో ఒక ఇంట్లో పనిచేస్తుంది. బోర్లు ఎండిపోయి మొగుడూ పెళ్ళాం కలిసి వీసాకు వెళితే, ఏజెంటు ఇద్దరినీ చెరొక దేశానికి పంపాడు. అదేమని అడిగితే, "రెండూ పక్కపక్క దేశాలే కదన్నా, సాయంత్రం అట్లా నడుచుకుంటా పోయి చూసి రావచ్చు" అన్నాడట. నడుమ సముద్రం ఉందని చెప్పలేదు. మా ఊళ్ళో వాళ్ళకూ తెలియదు. వాళ్ళకు గల్ఫంతా కువైటే. "మొగుడూ పెళ్ళాం కువైట్‌లో హాయిగా ఉండారు" అనుకునేవాళ్ళు. ఇద్దరి సెలవులూ ఒక్కసారి కూడా కలిసి రాలేదు.

ఉత్తరాన జుబారా దగ్గర మా అరబ్బుకు మజ్రా, అంటే తోట ఉంది. శుక్రవారం అక్కడి మేకలకు దాణా వేసుకెళ్ళే డ్యూటీ నాది. మధ్యాహ్నం వంట ముగించుకుని మామ పికప్‌లో నా పక్కన ఎక్కేవాడు. దాణా దించేశాక పాత కోట దగ్గర బండి ఆపి సముద్రం దాకా నడిచేవాళ్ళం. కష్టమైన నడక కాదు, నేలంతా చదును, చెప్పులతోనే వెళ్ళొచ్చు. ఒకప్పుడు సరిహద్దు పోలీసులుండే కోట అది. ఇప్పుడు మ్యూజియం. మామ గోడ మందం జానతో కొలిచి, లోపలి చల్లదనానికి ముచ్చటపడి, "వంటింటికి కట్టాల్సిన గోడల్రా ఇవి. పోలీసోళ్ళకెందుకు?" అనేవాడు.

కోట దాటితే కూలిపోయిన పాత పట్నం. ముత్యాల వ్యాపారులు బతికిన ఊరట. అంతా మొండిగోడలు. అందరూ గోడలు చూస్తే మామ వంటిళ్ళు వెతికేవాడు. ఒక గదిలో నేలంతా గట్లు గట్లుగా ఉంటుంది. ఖర్జూరం బస్తాలు పేరిస్తే ఆ గట్ల మధ్య పాకం కారేదని కోట కాపలావాడు చెప్పాడు. మామ వంగి వేలితో గట్టు తడిమి నాలుకకు రాసుకున్నాడు.

"ఎట్లుండాది మామా?"

"ఆలస్యంగా వచ్చినామురా. ఖాళీ చేసినారు."

అక్కడినుంచి సముద్రం ఒడ్డు దగ్గరే. మబ్బు లేని సాయంత్రం పడమటి అంచున మసకగా ఒక వెలుగు కనబడేది. బహ్రెయిన్ అవునో, చేపల పడవో, మా భ్రమో. మామ మాత్రం జేబులోంచి దువ్వెన తీసి, ఆ గాలిలోనే తలమీదున్న నాలుగు వెంట్రుకలూ శుభ్రంగా దువ్వుకుని, చొక్కా సర్దుకుని అటు తిరిగి నిలబడేవాడు.

"ఎవరు చూస్తారని మామా ఆ సోకు?"

"చూసేటోళ్ళు లేకుంటే తల దువ్వుకోకూడదని మన అరబ్బు చెప్పినాడా?"

ఒకసారి నెల్లూరు నుంచి కొత్తగా వచ్చిన డ్రైవర్ని వెంట తీసుకెళ్ళాం. వాణ్ణి ఆటపట్టించకుండా నేను ఉండగలనా? నీళ్ళ దగ్గర తడి ఇసుకలో కర్రతో పొడవుగా గీత గీసి, "ఇదే బార్డర్. దీనికి అవతల బహ్రెయిన్. అడుగు పడిందంటే జైలే" అన్నాను. వాడు బిగుసుకుపోయి, "ఇంత దగ్గరకి ఎందుకు తెచ్చావన్నా? యల్లా, పోదాం పద" అని నా చెయ్యి లాగడం మొదలుపెట్టాడు. ఇంతలో మామ లుంగీ ఎగ్గట్టి ఒక్క గెంతు గెంతి గీతకు అవతల పడ్డాడు. దువ్వెన తీశాడు. "ఒరే అల్లుడూ, వీసా లేకుండా వచ్చేసినా. మీ అత్తకు కబురు పెట్టు" అన్నాడు. మేము కడుపు పట్టుకుని నవ్వాం. ఆయన నవ్వలేదు. అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. ఆ తరువాత ఏ శుక్రవారం వెళ్ళినా, "గీత గీయరా" అని తనే కర్ర అందించేవాడు.

ఇక నా కోపం సంగతి.

మామను ఊరికి పంపే ఏర్పాట్లన్నీ సంఘం పెద్దాయన చూశారు. పెద్ద ఉద్యోగం, పెద్ద మనసు, కాదనను. ఆయన లేకపోతే కాగితాలు కదిలేవి కావు. కానీ అత్తకు చెప్పనివ్వలేదు.

"ఆడమనిషండీ. పరాయి దేశంలో ఒక్కతే ఉంది. మీ ఆయనకు ఒంట్లో బాగోలేక ఇంటికి పంపిస్తున్నాం, నువ్వూ రా అని చెప్పిద్దాం. ఊరు చేరాక మనవాళ్ళు నెమ్మదిగా చెబుతారు."

"సార్, విమానం బహ్రెయిన్‌లోనే కదా మారేది? ఆమె ఉండేదీ అక్కడే కదా?"

"అయితే? సీలు వేసిన పెట్టె, అక్కడ తెరవరు. నువ్వు కాస్త ఊరుకో బాబూ. అన్నిటికీ వేళాకోళమేనా?"

జీవితంలో ఒక్కసారి వేళాకోళం లేకుండా మాట్లాడితే దక్కిన మర్యాద అది. అత్త నంబరు మామ నోటిలెక్క. ఆయనతోనే పోయింది. ఊరికి ఫోన్ చేసి అడిగితే అక్కడా అదే పాట: "ఇప్పుడే చెప్పొద్దబ్బా, తట్టుకోలేదు." చావు కబురు చెప్పకపోవడం మనకు మర్యాద. అందరూ కూడబలుక్కుని ఒక మనిషికి అబద్ధం చెప్పి, దానికి దయ అని పేరు పెట్టుకుంటాం.

మామ ఆ సముద్రం దాటాడు. సామాన్ల మధ్య, చెక్కపెట్టెలో. ఒక పూటంతా బహ్రెయిన్ ఎయిర్‌పోర్టులో ఆగాడు. ఆ పూట అత్త మనామాలో మొగుడికి హార్లిక్స్ సీసా, గ్లూకోజ్ పొట్లాలు కొంటోంది. జబ్బు మనిషి కదా! ఆమెకు విమానం మర్నాడు దొరికింది. ఊళ్ళో ఎండలకు ఆగలేమని అప్పటికే మట్టి చేసేశారు. హార్లిక్స్ సంచితో వాకిట్లో దిగిందట.

తరువాత ఊరి టెలిఫోన్ బూత్ నుంచి నాకు ఫోన్ చేసింది.

"అల్లుడూ, ఆయన మా మనామా మీదే పోయినాడంట కదా?"

"అవునత్తా."

"ఆగినాడా?"

"ఒక పూట ఆగినాడు."

"మా మేడమ్ మంచిదిరా. అడిగింటే కార్లో పిల్చుకోని పోయుండేది. ఎయిర్‌పోర్టు మా ఇంటికి దగ్గరే."

"పెట్టె తెరవరంటత్తా..." సంఘం పెద్దాయన మాట నా నోట్లోంచి వచ్చింది. నన్ను చెప్పుతో కొట్టాలి.

"తెరవకపోతేనేమి? పెట్టె మీద చెయ్యి పెట్టింటా కదరా."

ఆమే మళ్ళీ, "తల దువ్వినారా ఆయనకి?" అంది. ఆసుపత్రిలో పెట్టె మూసే ముందు నేనే దువ్వాను, ఆ దువ్వెన నా దగ్గరే ఉందని చెప్పాను. "భద్రం. ఎవరన్నా వస్తే పంపు" అని పెట్టేసింది.

సంతాప సభలో పెద్దాయన, మామ ప్రేమకు సరిహద్దులు లేవన్నారు. చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. సరిహద్దు ఉంది సార్. నేను చూశాను. ఇటు రాళ్ళు, బురద, ఎదురుగా నీళ్ళు. ఆ మనిషి దాన్ని గౌరవించి ప్రతి శుక్రవారం దాని ముందు తల దువ్వుకుని నిలబడ్డాడు. అది దాటిన ఒక్క రోజున, అవతల ఆయన కోసం ఎవరూ రాకుండా చూసింది అరబ్బులు కాదు, సముద్రం కాదు. మనం. ఇంకెవరైనా ఇక్కడ పోతే, వాళ్ళ మనిషికి ఆ పూటే చెప్పండి. ఏడవనివ్వండి. తట్టుకుంటుందో లేదో ఆమె చూసుకుంటుంది.

పోయిన శుక్రవారం దాణా దించి ఒక్కణ్ణే వెళ్ళాను. కోట చల్లగా ఉంది. ఖర్జూరం గది ఖాళీగా ఉంది. ఒడ్డున కర్ర తీసుకుని గీత గీశాను, ఎప్పటికన్నా పొడవుగా, లోతుగా. నిలబడి చూస్తూ ఉన్నాను. నీళ్ళు మెల్లగా వచ్చి గీతను నడుమ తుడిచేసి వెనక్కి పోయాయి. రెండు కొసలూ అలాగే మిగిలాయి. మధ్యలో, సరిగ్గా ఒక మనిషి పట్టేంత సందు.